గుడ్ల కోళ్ల ఎముకలు: ఏ షెడ్, ఏ అడ్డకర్ర, ఏ సున్నపురాయి ఎంచుకోవాలి?

ఒక గుడ్డు పెంకులో దాదాపు 2.2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఆ గుడ్డు పెట్టే పెట్ట ఒంట్లోని ఎముకలన్నింటిలో కలిపి ఉండే కాల్షియం 20 గ్రాములకు అటూ ఇటూగా మాత్రమే. ఏడాదికి 320 గుడ్లు పెట్టే లేయర్ కోడి తన అస్థిపంజరంలో ఉన్న కాల్షియానికి దాదాపు ముప్పై అయిదు రెట్లు పెంకుల రూపంలో బయటికి పంపుతోందన్నమాట. గుడ్ల కోళ్ల ఎముకల గురించి ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ఈ లెక్కను ముందు పెట్టుకోవాలి. షెడ్ ఏ తరహాదైనా, కోడి ఏ జాతిదైనా ఈ లెక్క మారదు. ఇంత కాల్షియం వచ్చిపోతున్నప్పుడు ఎముక ఎక్కడ అరిగిపోతుంది, ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ విరుగుతుంది అన్నదే మన ఎంపికలను బట్టి మారుతుంది.

ఈ విషయంలో రైతులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: పంజరాలు మంచివా, నేల మీద వదిలి పెంచడం మంచిదా? ప్రశ్న సహజమైనదే గాని, అందులో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఎముక బలహీనపడటం ఒకటి, ఎముక విరగడం మరొకటి. బలహీనమైన ఎముక విరిగే సందర్భమే రాకుండా చాలాకాలం నెట్టుకు రావచ్చు. బలమైన ఎముక కూడా మీటరున్నర ఎత్తు నుంచి జారి ఇనుప గొట్టానికి తగిలితే విరగవచ్చు. పంజరం మొదటి సమస్యను పెంచి రెండోదాన్ని కొంతమేర దాచిపెడుతుంది. అంతస్తుల షెడ్ మొదటిదాన్ని తగ్గించి రెండోదాన్ని పెంచుతుంది. ఈ తేడా గమనించకుండా రెండింటినీ పోల్చినవారు తమకు నచ్చిన పద్ధతికే మార్కులు వేసుకుని లేస్తారు.

పోలికకు ముందు ఎముక లోపల జరిగేది కొంత చెప్పుకోవాలి. పెట్ట ఈడుకు వచ్చే ముందు, మొదటి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందు నుంచి, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ప్రభావంతో దాని ఎముక కణాల పని మారిపోతుంది. అప్పటివరకు గట్టి ఎముకను కట్టిన కణాలు ఆ పని ఆపేసి, కాళ్ల ఎముకల బోలులో మెత్తటి, త్వరగా కరిగే మజ్జ ఎముకను పేర్చడం మొదలుపెడతాయి. ఇది కాల్షియం గిడ్డంగి. గుడ్డుకు పెంకు పట్టే పని ఎక్కువగా రాత్రిపూట సాగుతుంది. ఆ వేళ కోడి మేయదు, పేగుల్లోని కాల్షియం అయిపోతుంది, కాబట్టి గిడ్డంగిని తెరవక తప్పదు. చిక్కు ఏమిటంటే, ఎముకను కరిగించే కణాలు మజ్జ ఎముకతో ఆగవు, పక్కనే ఉన్న గట్టి ఎముకను కూడా కొద్దికొద్దిగా తొలుస్తాయి. తిరిగి కట్టేటప్పుడు మాత్రం మజ్జ ఎముకే ఏర్పడుతుంది తప్ప గట్టి ఎముక ఏర్పడదు. కోడి గుడ్లు పెడుతున్నంత కాలం ఈ నష్టం ఒకే దిశలో సాగుతుంది. దీన్నే ఎముకలు గుల్లబారడం అంటాం. కాబట్టి మొదటి గుడ్డు నాటికి ఎంత గట్టి ఎముక కట్టుకుందో, ఆ పెట్టకు జీవితమంతా ఉండే మూలధనం దాదాపు అంతే.

పంజరం, వసతులున్న పంజరం, నేల, అంతస్తులు

మామూలు బ్యాటరీ పంజరంలో ఒక్కో కోడికి 450 నుంచి 550 చదరపు సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది. అందులో నిలబడవచ్చు, కూర్చోవచ్చు, మేయవచ్చు. రెక్క పూర్తిగా చాపడం కుదరదు. బరువు మోసినప్పుడే, కండరం లాగినప్పుడే ఎముక గట్టిగా నిలుస్తుంది కాబట్టి ఈ కదలలేని స్థితి గుల్లబారడాన్ని వేగవంతం చేస్తుంది. కేజ్ లేయర్ ఫెటీగ్ అనే పేరుతో ఈ జబ్బును 1955లోనే శాస్త్ర పత్రికల్లో వర్ణించారు. దాన్ని ఒక్కసారి చూసినవారు మరిచిపోరు. కోడి కళ్లు చురుగ్గానే ఉంటాయి, తల ఎత్తి చూస్తుంది, కాని కాళ్లు నిలవవు. పక్కకు ఒరిగి, మేత తొట్టి జానెడు దూరంలోనే ఉన్నా అందుకోలేక పంజరం మూలన పడి ఉంటుంది. కోసి చూస్తే పక్కటెముకలు లోపలికి వంగి కనబడతాయి, తరచూ లోపల పెంకు పట్టిన గుడ్డు కూడా ఉంటుంది. చివరి వరకూ ఎముకను కరిగించి పెంకుకే ఇచ్చిందన్నమాట. ఇలాంటి కోడిని తొలిదశలోనే గుర్తించి కింద విడిగా ఉంచి, మేత, నీరు అందేలా చూస్తే చాలాసార్లు కొద్ది రోజుల్లో లేచి తిరుగుతుంది. రోజూ పంజరాల వెంట నడిచే మనిషి చూపుకు ఇక్కడ ఏ మందూ సాటి రాదు.

పంజరంలోని రెండో ప్రమాదం బ్యాచ్ చివరిలో బయటపడుతుంది. బ్రిటన్‌లో 1989లో వెలువడిన ఒక అధ్యయనంలో, పంజరాల నుంచి తీసి కోతకు చేర్చిన కోళ్లలో 29 శాతానికి కనీసం ఒక ఎముకైనా విరిగి ఉన్నట్టు తేలింది. ఏడాదికి పైగా విరగకుండా నిలిచిన ఎముకలు, కోళ్లను పట్టి, లాగి, పెట్టెల్లో వేసే కొద్ది గంటల్లో విరిగాయి. పంజరంలో ఎముకలు విరగవు అని చెప్పేవారు ఈ ఆఖరి రోజును లెక్కలో వేయరు.

వసతులున్న పంజరం మధ్యస్థమైన ఎంపిక. ఐరోపా సమాఖ్య 1999 నాటి నిబంధనల ప్రకారం ఇందులో కోడికి 750 చదరపు సెంటీమీటర్ల చోటు, 15 సెంటీమీటర్ల అడ్డకర్ర, గుడ్లు పెట్టే గూడు, గీరుకునే చోటు ఉండాలి. ఆ నిబంధనలే 2012 జనవరి 1 నుంచి అక్కడ మామూలు బ్యాటరీ పంజరాలను నిషేధించాయి. ఎత్తు తక్కువ కనుక పడి దెబ్బ తగలడం అరుదు. కర్ర మీదికి ఎక్కి దిగుతుంది కనుక కాళ్ల ఎముకలు మామూలు పంజరం కన్నా కొంత మెరుగ్గా ఉంటాయి. రెక్కల ఎముకలకు మాత్రం చెప్పుకోదగ్గ లాభం లేదు, ఎందుకంటే ఎగరడానికి చోటే లేదు.

నేల మీద లిట్టర్ (ఊక, రంపపు పొట్టు లాంటి పరుపు) పరచి పెంచే ఒకే అంతస్తు షెడ్‌లోనూ, ఏవియరీ అని పిలిచే అంతస్తుల షెడ్‌లోనూ కోడి నడుస్తుంది, గెంతుతుంది, రెక్కలు కొడుతుంది. తొడ ఎముక, కాలి ఎముక, ముఖ్యంగా రెక్క ఎముక, పంజరపు కోళ్లతో పోలిస్తే స్పష్టంగా బలంగా ఉంటాయి. ఈ ఒక్క మాటతో ఆగిపోతే ఎంపిక సులభమయ్యేది. కాని బ్రిటన్‌లోనే 2011లో వివిధ పద్ధతుల షెడ్లను పోల్చి చూసినప్పుడు, వసతులున్న పంజరాల్లోని కోళ్లకు ఎముకలు బలహీనంగా ఉన్నా రొమ్ము ఎముక విరిగినవి 36 శాతమే. పలు ఎత్తుల్లో అడ్డకర్రలున్న షెడ్లలో ఎముకలు బలంగా ఉన్నా రొమ్ము ఎముక విరిగినవి 80 శాతానికి పైబడ్డాయి. ఈ పోలిక మొత్తానికీ కీలకమైన అంకెలు ఇవే. బలం పెరిగింది, విరగడం కూడా పెరిగింది.

రొమ్ము ఎముకే ఎందుకు? పడవ అడుగు భాగంలా శరీరానికి ముందుకు పొడుచుకు వచ్చిన ఈ ఎముక మీద రెక్కలు కొట్టే పెద్ద కండరాలు అంటుకుని ఉంటాయి, పడితే మొదట తగిలేదీ ఇదే. పైగా దాని వెనుక కొస మృదులాస్థిగా ఉండి, పూర్తిగా ఎముకగా మారడానికి 35 నుంచి 40 వారాలు పడుతుంది. కోడి గుడ్లకు వచ్చేది 18, 20 వారాలకు. ఇల్లు కట్టడం పూర్తి కాకముందే అందులోని ఇటుకలు అమ్ముకోవడం మొదలైనట్టు ఉంటుంది వ్యవహారం. విరుగుళ్లు ఎక్కువగా 25వ వారం దాటాక మొదలై 50వ వారం దాకా పెరుగుతూ పోవడానికి ఇదొక కారణం. అన్ని విరుగుళ్లకూ పడిపోవడమే కారణం కాదన్న సంగతి కూడా మరవకూడదు. డెన్మార్క్‌లో 2021లో ప్రచురితమైన పరిశీలన, చిన్న ఒంటితో, చిన్న వయసులోనే గుడ్లకు వచ్చిన మందల్లో ప్రమాదం ఎక్కువని చూపింది. లోపలి నుంచి గుడ్డు ఒత్తిడి కూడా కొసను దెబ్బతీయవచ్చని ఆ పరిశోధకుల అభిప్రాయం. పంజరంలో ఎత్తు లేకపోయినా రొమ్ము ఎముక విరగడం పూర్తిగా మాయం కాకపోవడానికి ఇది సరిపోయే వివరణ.

విరిగిన రొమ్ము ఎముక నొప్పి పెడుతుందా అన్న సందేహం ఒకప్పుడు ఉండేది, ఎందుకంటే ఆ కోడి గుడ్లు పెడుతూనే ఉంటుంది. 2012లో బ్రిటన్ పరిశోధకులు ఆ సందేహం తీర్చారు. విరిగిన కోళ్లు కర్ర మీది నుంచి దిగడానికి ఎక్కువసేపు తటపటాయించాయి. నొప్పి తగ్గించే మందు ఇచ్చాక అవే కోళ్లు తొందరగా దిగాయి. మేతకు దిగాలని ఉండి, కర్ర అంచున ముందుకు వంగి, మళ్లీ వెనక్కి సర్దుకుని, అలా నాలుగైదుసార్లు చేసే పెట్టను ఏ అంతస్తుల షెడ్‌లోనైనా పది నిమిషాలు నిలబడితే చూడవచ్చు. దాన్ని సోమరితనం అనుకోవడం మన పొరపాటు.

ఆరుబయట తిరగనిచ్చే పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎండ తగలడం వల్ల డి విటమిన్ శరీరంలోనే తయారవుతుంది, నడక పెరుగుతుంది. అయినా కోడి ఎక్కడ పడుకుంటుందో, ఎక్కడి నుంచి దూకుతుందో ఆ లోపలి షెడ్ అమరికే రొమ్ము ఎముక గతిని నిర్ణయిస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, కొత్తగా షెడ్ కడుతూ, కోళ్ల మధ్య తిరిగి గమనించగల మనుషులు ఉన్నవారికి ఎత్తు తక్కువగా ఉండే అంతస్తుల షెడ్‌నో, అడ్డకర్రలున్న ఒకే అంతస్తు నేల షెడ్‌నో సూచిస్తాను. విరుగుళ్ల అంకె అక్కడ పెద్దదే అయినా ఆ అంకెను తగ్గించే సాధనాలు మన చేతిలో ఉన్నాయి. మామూలు పంజరంలో కోడి కదలకపోవడాన్ని సరిదిద్దే సాధనం ఏదీ లేదు, ఎంత మంచి దాణా వేసినా కూడా. కాని చూసుకునే మనుషులు లేకుండా, పిల్లల దశలో అలవాటు చేయకుండా, నాలుగు అంతస్తుల ఏవియరీ తెచ్చి పెట్టడం కన్నా చక్కగా నిర్వహించే వసతుల పంజరమే కోడికి మేలు. ఈ మాట కొందరికి రుచించదని తెలుసు.

అడ్డకర్రలు, ర్యాంపులు

స్విట్జర్లాండ్‌లో 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో అంతస్తుల మధ్య ర్యాంపులు అమర్చినప్పుడు కోళ్లు పడిపోవడం 45 శాతం, ఢీకొనడం 59 శాతం, రొమ్ము ఎముక విరగడం 23 శాతం తగ్గాయి. షెడ్ కట్టడంలో ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితమిచ్చే మార్పు మరొకటి నాకు తెలియదు. రెండు కర్రల మధ్య గెంతు మీటరు దాటితే కోడి తడబడుతుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం. దిగే దారి 45 డిగ్రీలకు మించి నిటారుగా ఉంటే కోడి నడవక దూకుతుంది. కాబట్టి ర్యాంపు పెట్టేటప్పుడు కింద చోటు మిగుల్చుకోవాలని దాన్ని నిలువుగా వంచేస్తే పెట్టినా ప్రయోజనం ఉండదు. జారని పట్టు కూడా అవసరం. నున్నటి రేకు కన్నా అడ్డంగా పట్టీలు కొట్టిన పలక లేదా జల్లెడ పలక నయం.

కర్ర ఎంపికలో లోహపు గొట్టం శుభ్రం చేయడానికి సులువు, కోళ్ల రక్తం పీల్చే ఎర్ర నల్లికి దాక్కునే సందు తక్కువ. కాని గుండ్రని, సన్నని గొట్టం మీద కోడి రాత్రంతా కూర్చుంటే బరువంతా రొమ్ము ఎముక మీద చిన్న చోట పడి, ఆ ఎముక క్రమంగా గాడి పడి వంకర తిరుగుతుంది. చెక్క పట్టు బాగుంటుంది, నల్లి సమస్య తెస్తుంది. మెత్తటి పాలియురెథేన్ తొడుగున్న కర్రలు ఒత్తిడిని పంచి, ఢీకొన్నప్పుడు దెబ్బను కూడా తగ్గిస్తాయి, విరుగుళ్లు తగ్గినట్టు ప్రయోగాల్లోనూ తేలింది. అయితే పొడిచి చింపే కోళ్లుంటే ఆ తొడుగు మన్నిక ఎంతో ముందే చూసుకోవాలి. షెడ్ అంతటా మార్చే స్తోమత లేనప్పుడు, అన్నింటికన్నా పైనున్న కర్రలనూ, కోళ్లు తరచూ వాలే కర్రలనూ ముందు మార్చుకోవడం తెలివైన పని. దీపాలు ఒక్కసారిగా ఆర్పేయకుండా అరగంటసేపు క్రమంగా మసకబరచడం మరొకటి. చీకట్లో కర్ర వెతుక్కుంటూ ఎగిరిన కోడి ఏ గొట్టానికి తగులుతుందో దానికే తెలియదు.

పొడి సున్నపురాయా, గింజల సున్నపురాయా

దాణా విషయంలో చేసే తప్పుల్లో మొదటిది కాల్షియాన్ని శాతంలో చూడటం. కోడికి రోజుకు అవసరమైనది శాతం కాదు, గ్రాములు. గరిష్ఠ ఉత్పత్తిలో ఉన్న పెట్టకు రోజుకు సుమారు 4.2 గ్రాముల కాల్షియం కావాలి, అందులో సగం పైచిలుకే ఒంటికి పడుతుంది. 110 గ్రాముల మేత తినే కోడికి 3.8 శాతం కాల్షియం ఉన్న దాణా సరిగ్గా సరిపోతుంది. అదే కోడి ఎండ వేడికి మేత తగ్గించి 95 గ్రాములే తింటే అందేది 3.6 గ్రాములు; లోటు భర్తీ చేసేది ఎముక. ఆ రోజుల్లో దాణాలో కాల్షియం 4.4 శాతానికి పెంచితే గాని పాత మోతాదు అందదు. వయసు మళ్లే కొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, పేగు పీల్చుకునే శక్తి తగ్గుతుంది, కాబట్టి రోజుకు నాలుగున్నర గ్రాములు లేదా అంతకు కొంచెం పైకి వెళ్లాల్సి వస్తుంది.

రెండో ప్రశ్న రూపం గురించి. పిండిలాంటి సున్నపురాయి పొడి కడుపులోంచి త్వరగా దాటిపోతుంది. మధ్యాహ్నం తిన్నది అర్ధరాత్రికి మిగలదు. 2 నుంచి 4 మిల్లీమీటర్ల గింజలు మాత్రం కందనకాయలో చిక్కుకుని రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి. తెల్లవారుజామున కోసిన ఆరోగ్యకరమైన కోడి కందనకాయ తెరిచి చూడండి; గింజల సున్నపురాయి తిన్నదైతే అరిగి నునుపెక్కిన తెల్లటి రవ్వలు ఇంకా కొన్ని కనబడతాయి, పొడి తిన్నదైతే ఏమీ ఉండదు. ఆ నాలుగు రవ్వలే ఆ రాత్రి ఎముక మీద పడాల్సిన భారాన్ని పంచుకున్నవి. గుడ్లు మొదలైనప్పుడు మొత్తం సున్నపురాయిలో సగం గింజల రూపంలో ఇచ్చి, వయసుతో పాటు ఆ వాటాను మూడింట రెండు వంతులు, అంతకుమించి పెంచడం ఆచరణలో బాగా నిలిచిన పద్ధతి. మొత్తం గింజలే వేయడం కూడా సరికాదు, పొద్దుటి పూట వెంటనే అందాల్సిన కాల్షియం కొంత పొడిలోంచే వస్తుంది.

ఆల్చిప్పల పెంకుల గ్రిట్‌కూ, గింజల సున్నపురాయికీ మధ్య ఎంపిక గురించి వాదనలు వినబడుతుంటాయి. రెండూ కాల్షియం కార్బొనేటే. గింజ పరిమాణం, కరిగే వేగం ఒకేలా ఉంటే ఎముక దృష్టితో పెద్ద తేడా లేదు. శుభ్రంగా, ఇసుక కలవకుండా, నిలకడగా దొరికేదాన్ని తీసుకోవాలి. సున్నపురాయిలో మెగ్నీషియం ఎక్కువున్న డోలమైట్ రకం మాత్రం వద్దు. వీటన్నింటికన్నా ఎక్కువ లాభం వేళ మార్చుకోవడంలో ఉంది. కోడికి సాయంత్రమయ్యేసరికి కాల్షియం మీదికి తనంతట తానే మనసు పోతుంది, అందుచేత రోజు మేతలో పెద్ద వాటానూ, గింజల సున్నపురాయినీ మధ్యాహ్నం తరువాత అందేలా చూడాలి. పెంకు సమస్య తీవ్రంగా ఉన్న మందల్లో నడిరాత్రి గంటసేపు దీపం వేసి మేయనివ్వడం కూడా ఎముకకు మేలు చేస్తుంది.

కాల్షియం ఒక్కటే పోసి ఫాస్ఫరస్‌ను మరిచిపోవడం మరో తరచు తప్పు. ఎముక కాల్షియం ఫాస్ఫేట్‌తో కట్టిన గోడ; రాత్రి కాల్షియం కోసం ఎముక కరిగినప్పుడు విడుదలైన ఫాస్ఫరస్ పెంకుకు పనికిరాదు, రెట్టలో పోతుంది. మరునాడు గిడ్డంగి మళ్లీ నిండాలంటే రెండూ కావాలి. డి3 విటమిన్ లేకపోతే ఈ రెండూ పేగు దాటి లోపలికి వెళ్లవు. డి3ని నేరుగా వేయాలా, కాలేయంలో సగం మార్పు చెందిన 25-హైడ్రాక్సీ రూపంలో వేయాలా అంటే, కాలేయం కొవ్వు పట్టిన ముసలి మందల్లో రెండో దానికి అర్థముంది, కుర్ర మందల్లో మొదటిదే చాలు. ఒమేగా-3 కొవ్వులతో రొమ్ము ఎముక విరుగుళ్లు తగ్గాయన్న ప్రయోగాలు ఉన్నాయి, మోతాదు ఎక్కువై చెడు జరిగిన ప్రయోగాలూ ఉన్నాయి. ర్యాంపులు, గింజల సున్నపురాయి, ఒంటి బరువు చక్కబడ్డాకే అటు చూడాలి.

పుల్లెట్ (ఇంకా గుడ్లకు రాని పడుచు పెట్ట) దశలోని ఎంపికలు

మొదటి గుడ్డు తరువాత గట్టి ఎముక పెరగదని పైన చెప్పుకున్నాం. కాబట్టి ఎముక కోసం చేసే ఖర్చులో అత్యధిక ఫలితం వచ్చేది 18 వారాల లోపే. అయినా బేరాలన్నీ లేయర్ షెడ్ గురించే సాగుతాయి, పుల్లెట్లు ఎక్కడ, ఎలా పెరిగాయని అడిగేవారు తక్కువ.

అంతస్తుల షెడ్‌లోకి పంపబోయే పుల్లెట్లను పంజరాల్లో పెంచినవి కొనకూడదు. ఇందులో నేను రాజీ పడను. చిన్నప్పటి నుంచి ర్యాంపులు ఎక్కి, కర్రల మీద వాలిన పిల్లకు ఎముక బలంతో పాటు దూరం అంచనా వేసే నేర్పు వస్తుంది. పంజరంలో పెరిగి 17వ వారంలో ఒక్కసారిగా మూడు అంతస్తుల్లోకి వచ్చిన పెట్టకు ఆ నేర్పు ఉండదు, నీళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే దానికి మొదటి వారం పని అవుతుంది. దీనికి తిరగేసి చూస్తే, పంజరంలోకి వెళ్లబోయే పుల్లెట్లను కూడా నేల మీద, కర్రలతో పెంచడం వల్ల నష్టం లేదు, గట్టిపడ్డ ఎముకతో పంజరంలోకి వెళతాయి.

దీపాల వ్యవధి పెంచి గుడ్లకు తేవడం వయసును బట్టి చేయాలా, బరువును బట్టి చేయాలా అన్న ప్రశ్నకు జవాబు ఒకటే: జాతి కంపెనీ పట్టికలోని బరువును మంద అందుకున్నాకే, అదీ మందలో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉన్నప్పుడే. రెండు వారాల గుడ్లు ముందే వస్తాయని తొందరపడితే ఆ రెండు వారాల గుడ్లను అరవై వారాల పాటు ఎముకతో తీర్చాల్సి వస్తుంది.

మేత మార్పులోనూ ఇలాంటి తొందరే రెండు వైపులా ప్రమాదం. ఎదిగే పుల్లెట్లకు వేసే గ్రోయర్ దాణాలో కాల్షియం సుమారు 1 శాతం ఉంటుంది. లేయర్ దాణాను చాలా ముందుగా, పిల్లలు ఎదిగే వారాల్లోనే మొదలుపెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆలస్యం చేస్తే మందలో ముందు ఈడుకు వచ్చిన పెట్టలు ఒక శాతం కాల్షియంతోనే గుడ్లు మొదలుపెట్టి మొదటి వారాల్లోనే ఎముకను ఖాళీ చేసుకుంటాయి. నడుమ 2 నుంచి 2.5 శాతం కాల్షియం ఉన్న ప్రీలే దాణాను, తురాయిలు ఎర్రబడటం చూసి, సుమారు 16, 17 వారాలకు మొదలుపెట్టి, మందలో గుడ్లు కనబడగానే లేయర్ దాణాకు మార్చాలి. ఒక దాణా అదనంగా కలిపి నిల్వ చేయడం చిన్న ఫారాలకు ఇబ్బంది అయితే, ప్రీలే మానేసి 17వ వారంలో నేరుగా లేయర్ దాణాకు వెళ్లడం నయం. గ్రోయర్ దాణా మీదే గుడ్ల దాకా సాగదీయడం మాత్రం అన్నింటికన్నా చెడ్డ దారి.

జాతి, వయసు, చివరి రోజు

ఎముక బలం వంశపారంపర్యంగా వచ్చే లక్షణమే. 2000లో వెలువడిన ఒక ఎంపిక ప్రయోగంలో ఎముక సూచిక (ఎముకల బలాన్ని ఒకే అంకెలో చెప్పే కొలత) వారసత్వపు వాటా 0.40గా తేలింది, అంటే కోళ్ల మధ్య ఆ బలంలో కనబడే తేడాలో దాదాపు 40 శాతం వంశం నుంచి వచ్చేదే; బ్రీడర్ కంపెనీలు తలచుకుంటే తరాల వారీగా మార్చగలిగేంత ఎక్కువ. రైతు చేతిలో ఉన్నది, పుల్లెట్లు కొనేటప్పుడు ఆ ప్రశ్న అడగడమే. తెల్ల పెట్టలు తేలికగా ఉండి బాగా ఎగురుతాయి, అంతస్తుల మధ్య సులువుగా తిరుగుతాయి. గోధుమరంగు పెట్టలు బరువైనవి, దిగేటప్పుడు తడబాటు ఎక్కువ. ఎత్తైన ఏవియరీకి తెల్లవి, ఎత్తు తక్కువ షెడ్‌కు గోధుమరంగువి అన్న స్థూలమైన లెక్క పనికొస్తుంది.

మందను 72 వారాలకు తీసేయాలా, 90, 100 వారాల దాకా ఉంచాలా అన్నది ఎముకకు సంబంధించిన ప్రశ్న కూడా. గుడ్లు వస్తున్నాయన్న ఒక్క కారణంతో పొడిగించకూడదు. పెంకులు నిలకడగా ఉండి, పట్టి చూసినప్పుడు విరుగుళ్లు ఇటీవల పెరగకుండా ఉండి, కుంటే కోళ్లు అరుదుగా ఉంటే పొడిగించవచ్చు. తీసేసే రోజున కోడిని ఒంటి కాలు పట్టి లాగడమా, రెండు కాళ్లూ కలిపి, రొమ్ము కింద చేయి ఆనించి తీయడమా అన్నది మరో ఎంపిక. రెండోదానికి సమయం ఎక్కువ పడుతుంది, ఎముకలు మాత్రం స్పష్టంగా తక్కువ విరుగుతాయి. మనుషులకు కోడి లెక్కన కాకుండా గంట లెక్కన కూలి ఇస్తే ఈ సమస్య చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది.

చేత్తో పట్టి చూడటం

ఏ పద్ధతి ఎంచుకున్నా అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే రొమ్ము ఎముకను తడిమి చూడాలి. రాత్రి మసక వెలుగులో, కోళ్లు కదలకుండా ఉన్నప్పుడు, షెడ్‌లో వేర్వేరు చోట్ల, వేర్వేరు ఎత్తుల నుంచి మొత్తం 50 కోళ్లను తీసుకోవాలి. కోడిని చంకలో ఇమిడించుకుని, బొటనవేలు, చూపుడువేలు ఎముకకు చెరో పక్కన పెట్టి, మెడ వైపు నుంచి తోక వైపుకు నెమ్మదిగా జరపాలి. ఆరోగ్యకరమైన ఎముక కత్తి వెన్నులా తిన్నగా, నునుపుగా తగులుతుంది. వేళ్లకు మెలిక తగిలితే వంకర. చింతగింజంత గట్టి బుడిపె తగిలితే విరిగి అతుక్కున్న పాత గాయం. చివరన ఒక్కసారిగా మడత పడినట్టు ఉంటే కొస విరిగినది. వేలు ఆ చోటికి రాగానే కోడి ఒళ్లు బిగిస్తే గాయం కొత్తది. మొదటి పదీ పదిహేను కోళ్ల దాకా వేళ్లకు తేడా తెలియదు, ఆ తరువాత ఆశ్చర్యపోయేంత వేగంగా తెలుస్తుంది. కంటికి కనబడని చిన్న విరుగుళ్లు కొన్ని ఎక్స్‌రేకు తప్ప దొరకవు కాబట్టి మన అంకె ఎప్పుడూ నిజం కన్నా తక్కువే.

ఈ పనిని కోళ్లకు 20 వారాల వయసు వచ్చినప్పుడు మొదటిసారి చేసి మొదటి అంకె రాసుకుని, తరువాత 30, 40, 50, 65 వారాల్లో మళ్లీ చేయాలి. 20వ వారానికే మెలికలు ఎక్కువుంటే తప్పు పుల్లెట్ షెడ్‌లో జరిగింది, అక్కడి కర్రలూ, మేతా చూసుకోవాలి. 30, 40 మధ్య అంకె ఎగబాకితే గుడ్లు తొందరగా రావడమో, షెడ్‌లో గెంతులు ఎక్కువగా ఉండటమో కారణం. బరువు రికార్డులు తిరగేసి, ర్యాంపుల వాలు కొలవాలి. 50 దాటాక పెరుగుతుంటే రోజువారీ కాల్షియం గ్రాములూ, గింజల వాటా, ఫాస్ఫరస్ లెక్క మళ్లీ వేయాలి. రెండు షెడ్లు ఉన్నవారు ఒకదానిలోనే మార్పు చేసి, రెండింటిలోనూ ఒకే మనిషి చేత తడిమి చూపిస్తే, తరువాతి బ్యాచ్‌కు దేని మీద ఖర్చు పెట్టాలో ఈ అంకెలు రాసుకున్న పుస్తకంలోనే ఉంటుంది.